కళాగ్రంథములు ఎవరి సొత్తు?

శిల్పము రాతియందు నిలుచును. దానిని చదువు విద్య గ్రంథమునందు నిలుచును. ఓరుగల్లు సీమకు మొదటిది మిగిలినది. రెండవది మాత్రము చిరకాలము పరస్థలమున దాగియుండెను.

రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213వ సంవత్సరమున రామప్పగుడిని గట్టించెను. గణపతిదేవుని గజసేనాధిపతియగు జాయపసేనాని 1253-54లో నృత్తరత్నావళిని రచించెను. ఆ గ్రంథపు వ్రాతప్రతి తంజావూరి సరస్వతీ మహలునందు నిలిచినందుననే 1965లో డాక్టరు వి. రాఘవన్ గారు దానిని మద్రాసున ప్రకటింప గలిగిరి. పిమ్మట రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించిరి. ఆ గ్రంథమును, రామప్ప శిల్పములను ఆధారముగా గొని నటరాజ రామకృష్ణగారు పేరిణిని పునరుద్ధరించిరి. ఒక పొత్తము బ్రతికియుండుటచే ఒక నృత్యము బ్రతికినది!

తెలుగు నాయకరాజుల కాలమున మొలకెత్తి, మహారాష్ట్ర ప్రభువగు శరభోజి చేతిలో విస్తరిల్లిన యా భాండాగారము 1918లో ప్రజలపరమయ్యెను. గ్రంథములను భద్రపఱచినది రాజుల యభిరుచి. వానికి ఫలము గల్గించినది తెఱచిన తలుపు.

మన తెలంగాణమునందో, రాజాశ్రయమునకై యెదురుచూడక, దాతలును విద్యాభిమానులును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. పొత్తములు కూర్చుటతో తమ విధి తీఱెనని వారు తలపలేదు. సభలు జరిపి, ఉపన్యాసము లిప్పించి, భాషాభిమానమును మేల్కొల్పిరి.

మహదేవపూరువంటి మారుమూల గ్రామమునకు కళాగ్రంథాలయ మేల యని కొంద ఱడుగుదురు. మారుమూల యగుటచేతనే కావలెను! చేరువనే కాళేశ్వరాలయము, అడవిలో మద్దిచెట్లపై దసలికాయలు, ఇండ్లలో దసలిపట్టు పనివాండ్రు. కాయనుండి దారము తీయు నేర్పు వృద్ధుల వ్రేళ్లయందే యున్నది. ఆ వ్రేళ్లతోనే యది యణగారిపోవలెనా? 2021లో రామప్పగుడికి ప్రపంచ వారసత్వ గౌరవము లభించెను. ఆ స్తంభములపై నున్న నర్తకి భంగిమ యేమో చెప్పజాలని బాలుడు ఆ వారసత్వమున కెట్లు వారసుడగును?

ఇందులకు మహాసౌధ మక్కఱలేదు. ఒక గది, ఒక బీరువా, నృత్తరత్నావళి తెనుగు ప్రతి, ఆలయముల చిత్రపటములు, పనివాండ్ర నోట విని వ్రాసిన పుస్తకములు చాలును. నెలకొక దినము పండితుడు ఒక ప్రకరణమును చదివి చెప్పవలెను. మఱునెల నేతపనివాడు తన పనిని చేసి చూపవలెను. ఇరువురికిని ఒకే పీఠము, ఒకే గౌరవము దక్కవలెను.

భూవసతి గలవారు గది నిత్తురుగాక! పట్టణవాసులు గ్రంథముల నిత్తురుగాక! తాళముచెవి మాత్రము ప్రజలచేత నుండవలెను.