మామిడి పెట్టె, పండ్ల పెట్టె

ప్రోగ్రామింగు గొడవ తెలుగు పండితుడికెందుకని కొందరు మిత్రులు ముక్కున వేలేసుకోవచ్చు. జాతి, వ్యక్తి, లక్షణం అన్న మాటలతో ముప్పై ఏళ్లకు పైగా కాలక్షేపం చేసినవాణ్ణి కనుక ఈ గొడవలో నాకూ భాగముంది.

మామిడిపండు పండే, ఇందులో వివాదం లేదు. మరి మామిడిపండ్ల పెట్టె, పండ్ల పెట్టె అవుతుందా? జావాలో జాబితాలు రాసే ప్రతి విద్యార్థికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. కంపైలరు కాదంటుంది. ఎందుకు కాదని అడిగిన పిల్లవాడికి మన బోధకులు కొందరు చెప్పే జవాబు: "కోణపు బ్రాకెట్లు తీసెయ్యి, ఎర్రగీత పోతుంది." నా అభ్యంతరం ఈ ఉపాయబోధన మీదే.

వేసవిలో మా విజయవాడ పక్కనున్న నున్న మామిడి మార్కెట్టుకు వెళ్లి చూడండి. బంగినపల్లి పెట్టెను "ఇదీ పండ్ల పెట్టే కదా" అని ఒకరికి అప్పగించామనుకుందాం. లెక్కపెట్టినా, తూచినా, తీసుకు తిన్నా చిక్కులేదు. కాని పండ్ల పెట్టె అన్నాం కనుక అతడు అందులో జామకాయ వేస్తే కాదనడానికి మనకు హక్కు లేదు. బంగినపల్లి అని నమ్మి కొన్నవాడు మోసపోతాడు.

1996లో వెలువడిన తొలి జావా అర్రేల విషయంలో సరిగ్గా ఈ మోసానికి తావిచ్చింది. స్ట్రింగుల అర్రేను ఆబ్జెక్టుల అర్రేగా చెలామణీ కానిచ్చింది. అప్పటికి జెనెరిక్స్ లేవు. ఏ జాతి అర్రేనైనా ఒకే పద్ధతితో నడపాలంటే ఆ సడలింపు అవసరమనిపించింది. ఫలితంగా తప్పుడు వస్తువు వేసినా కంపైలరు మౌనం వహిస్తుంది. ప్రోగ్రాము నడుస్తుండగా అర్రేస్టోర్ ఎక్సెప్షన్ పుడుతుంది. సి షార్ప్ కూడా అర్రేలలో అదే బాట పట్టింది. 2004లో జావా 5తో వచ్చిన జెనెరిక్స్ జాబితాలకు ఆ తలుపు మూశాయి.

తర్కశాస్త్రం లక్షణానికి అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అని మూడు దోషాలు చెప్పింది. అర్రే నియమానిది అతివ్యాప్తి: తీసుకోవడానికి చెల్లే మాటను వేయడానికీ చెల్లించింది. ఒట్టి నిషేధానిది అవ్యాప్తి: లెక్కపెట్టేవాడికి కూడా పెట్టె ఇవ్వవద్దంటుంది. నిర్దుష్టమైన లక్షణం ఈ రెంటి నడుమ ఉంది. పండ్లు తీసుకునేవాడికి పండు గాని, దాని ఉపజాతి గాని ఉన్న ఏ పెట్టె అయినా చాలు. జావాలో ప్రశ్నార్థకం పక్కన రాసే ఎక్స్‌టెండ్స్ అర్థం అదే. బంగినపల్లి వేసేవాడికి బంగినపల్లి పెట్టె, మామిడి పెట్టె, పండ్ల పెట్టె ఏదైనా పనికివస్తుంది. సూపర్ అర్థం అది. రెండూ చేసేవాడికి కచ్చితంగా ఆ జాతి పెట్టే కావాలి. 2010లో సి షార్ప్ నాలుగవ వెర్షను ఇదే భేదాన్ని ఇంటర్‌ఫేసు నిర్వచనంలోనే అవుట్, ఇన్ అన్న మాటలతో చెప్పే వీలు కల్పించింది.

"ఇంత సూక్ష్మం పిల్లలకెందుకు? ఉద్యోగం వస్తే చాలదా?" అని వాదించేవారున్నారు. అయ్యా, బ్రాకెట్లు తీసేస్తే గీత పోయిన మాట నిజమే. దోషం మాత్రం చోటు మార్చుకుంది. జామకాయ వేసినచోట ప్రోగ్రాము ఆగదు. ఎక్కడో ఎవరో బంగినపల్లి అనుకుని చెయ్యి పెట్టినచోట కూలుతుంది. మొదటి ఉద్యోగంలో ఆ చెయ్యి పెట్టేది, తన ఖర్మ అనుకుని రాత్రంతా వెదుక్కునేది గుడివాడ నుంచో ఉయ్యూరు నుంచో బస్సెక్కి వచ్చి చదువుకున్న మన పిల్లవాడే. కారణం తెలిస్తే తానే దిద్దుకోగలిగేవాడు.

సూత్రం వల్లింపజేసి ఉదాహరణ చెప్పని పంతుళ్లను లోకం ఎగతాళి చేసింది; న్యాయమే. సూత్రం కూడా చెప్పకుండా చిట్కా చేతిలో పెట్టేవారిని ఏమనాలి? ఇంగ్లీషు రాక పిల్లలకు అర్థం కావడం లేదన్న సాకు ఇక్కడ చెల్లదు. పై విషయమంతా చెప్పడానికి నాకు తెలుగు ఎక్కడా చాలకపోలేదు. పెట్టె ఎవరికిస్తున్నాం, తీయడానికా, వేయడానికా అన్న ప్రశ్న తరగతిలో ముందు అడగండి. ఎర్రగీత సంగతి పిల్లలే చూసుకుంటారు.