గాజుగృహవాసుల భోజనము

ఇంటికి వచ్చిన చుట్టమునకు ఏడాది పొడవునా అటుకులే పెట్టి, ఆకలి తీరినది గదా యని తృప్తిపడు గృహస్థు నెవరును మెచ్చరు గాని, గాజుతొట్టిలో చేపలను పెంచువారిలో పెక్కుమంది, అంగడిలో కొన్న పొడిగుళికల డబ్బా మూత తీసి ఉదయ మొక చిటికెడు, సాయంకాల మొక చిటికెడు చల్లి, తమ ధర్మము నెరవేరినదని నమ్ముచున్నారు. ఆ గుళికలు విషములని నా యభిప్రాయము కాదు. మంచి తయారీవైనచో ప్రాణము నిలుపుటకు చాలును. కాని మూత తీసినది మొదలు గాలికిని తేమకును అందలి విటమిన్ సి క్షీణించుచుండుననియు, కొవ్వు చెడి కమరువాసన పట్టుననియు ఎఱుగక, ఒక్క పెద్ద డబ్బాను ఏండ్లతరబడి వాడుట పొదుపు కాదు.

సయాము దేశపు వరిమళ్ల నిలువనీటిలో దోమపిల్లలను, చిన్నపురుగులను వెంటాడి బ్రదుకు జాతికి చెందిన ఫైటర్ చేప యొకటి మా యింట నుండెడిది. గుళికను నోటబట్టి వెంటనే ఉమిసివైచి, మొక్కచాటున ముడుచుకొని, రంగు వెలసి, రోగమేమో యని నే ననుమానించునంతగా మందగించిన యా జీవి, ఒకనాడు తొట్టిలో డాఫ్నియాలనెడి చిన్న నీటిప్రాణులను వదలినంతనే ఱెక్కలు విప్పి, ఒక్కొక్కదానిని గుఱిచూచి పట్టిన తీరు కనిన పిదప, ఆహారమనగా పోషకముల లెక్క మాత్రమే కాదనియు, వెంటాడుటయు నం దొక భాగమనియు నాకు తెలిసివచ్చెను.

అయినను ప్రాణమున్న ఆహారమెల్ల మంచిదని నే ననను. అంగళ్లలో పళ్లెములనిండ గుత్తులుగా కదలాడు ట్యూబిఫెక్స్ పురుగులు మురుగుకాల్వల బురదలో తలదూర్చి, తోకలాడించుచు పెరుగునవి. ప్రాణవాయువు కొఱవడిన నీటను వాటిని బ్రదికించు హీమోగ్లోబినే వాటికా యెఱుపు నిచ్చినది. కాని ఆ బురదలోని సూక్ష్మక్రిములును వాటివెంట మన తొట్టిలోనికి రాగలవు. కొన్నిదినములు పారునీట కడిగిన కొంత మేలే, పూర్తి నిశ్చింత మాత్రము లేదు. ఇక దోమపిల్లలు చేపలకు దివ్యభోజనమే. కాని 1897లో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమకడుపున కనుగొన్న సికింద్రాబాదులో నుండి, చేపలకొఱకని పెరటితొట్టిలో దోమలను పెంచుట (వారము పదిదినములు ఏమఱినచో అవి ఱెక్కలతో లేచి పొరుగింట విందారగించును) నాకు సమ్మతము కాదు.

నేను మనసార చెప్పదగినది ఆర్టీమియా. ఉప్పుసరస్సులలో పుట్టు ఈ చిన్నరొయ్యవంటి ప్రాణి గ్రుడ్లు గసగసాలకంటె సూక్ష్మములు. పొడిగా ఏండ్లకొలది నిద్రింపగల యా గ్రుడ్లను, లీటరునకు సుమారు 25 గ్రాముల ఉప్పు కలిపిన నీట వైచి, 28 డిగ్రీల వెచ్చదనమున గాలిబుడగలు పంపుచుండినచో, ఇంచుమించు ఒక్క దినములో నారింజవన్నె పిల్లలు వెలువడును. దీపమున్న వైపునకు అవి గుమికూడగా, సన్నని బట్టలో వడగట్టి, మంచినీట కడిగి, వాటి కడుపులోని పచ్చసొన కరగక మునుపే, అనగా పుట్టిన కొద్దిగంటలలోనే, చేపపిల్లలకు పెట్టవలెను. ఈదనేర్చిన ఏంజెల్ చేపపిల్లల పొట్టలు నారింజవన్నె తిరుగుట బయటికే కనబడును గనుక, తిన్నవో లేదో యని సందేహింప పనిలేదు.

గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయమే లేదు. దానికి ఒక్కమాఱు మెక్కబెట్టక, కొద్దికొద్దిగా, నడుమ నడుమ తొక్కదీసిన ఉడికిన బఠాణీ పెట్టుట మేలు. ఏ చేపకైనను రెండుమూడు నిమిషములలో తిని ముగించునంతయే వేయవలెను. మిగిలినది కుళ్లి, అమోనియాయై, పెట్టిన చేతికే అపకీర్తి తెచ్చును.

చేపలమ్ము వర్తకులకు నా విన్నప మొకటి: ఆ ట్యూబిఫెక్స్ పళ్లెమునకు మాఱుగ డాఫ్నియాలను పెంచి అమ్మరాదా? ఎండ తగులు చోట నొక తొట్టి, నాచుతో పచ్చనైన నీరు, అప్పుడప్పు డొక చిటికెడు ఈస్టు, ఇంతకు మించిన వ్యయము లేదు. కొనుటకు మావంటివారము సిద్ధముగనే యున్నాము.