కట్టేసిన బిల్లుకు మళ్లీ బిల్లా?

నెల మొదట్లో రీడింగు తీసే కుర్రాడు మిషను పట్టుకొని ఇంటింటికీ వస్తాడు. ఇదివరకు అతనిచ్చే చీటీ బెత్తెడు ఉండేది. ఇప్పుడు మూరెడు వస్తోంది. మొన్న మా వీధిలో ఒక పెద్దావిడ ఆ చీటీ పట్టుకొని అడిగింది: "ఏం బాబూ, ఇంట్లో ఉండేది ఇద్దరం. రెండు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు. కొత్తగా ఏమీ కొనలేదు. పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ బిల్లు ఇంత ఎలా పెరిగింది?" కుర్రాడు నొచ్చుకుంటూ అన్నాడు: "నాకేం తెలుసు పిన్నీ. మిషను కొట్టింది చేతికిచ్చాను. ఆఫీసులో అడగండి." ఆఫీసుకు వెళ్తే అక్కడ చెప్పిందీ అదే. పైనుంచి వచ్చింది, మా చేతిలో లేదు అన్నారు.

చేతిలో లేనివాళ్లు వసూలు చేస్తున్నారు, చేతిలో ఉన్నవాళ్లు కనపడటం లేదు. అందుకని మేమే ఒక సాయంత్రం సంఘం ఆఫీసులో కూర్చొని, ఇరవై ఇళ్ల బిల్లులు ముందేసుకొని, లైను లైనూ చదివాం. పదో తరగతి దాకా చదువుకున్న మాకు ఆ చీటీ అర్థం కావడానికి రెండు గంటలు పట్టింది. అర్థమైనంతవరకు మీకూ చెబుదామని ఈ నాలుగు మాటలు.

మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు రేటు శ్లాబుల ప్రకారం ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. అక్కడి నుంచి 75 దాకా రూ.3. 125 దాకా రూ.4.50. 225 దాకా రూ.6. 400 దాకా రూ.8.75. ఆపైన రూ.9.75. ఒక ఇల్లు నెలకు 140 యూనిట్లు వాడిందనుకుందాం. 57, 135, 225, 90 కలిపితే రూ.507. కాల్చిన కరెంటు ఖరీదు ఇదీ. దీనికి కిలోవాటుకు రూ.10 చొప్పున స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం కలుస్తాయి. ఇంతవరకు గొడవ లేదు. ఇవి మనకు ముందే తెలిసిన రేట్లు.

అసలు కథ ఆ కింది లైన్లలో ఉంది. ఎఫ్‌పీపీసీఏ అని ఒకటి ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. యూనిట్‌కు 40 పైసల చొప్పున 140 యూనిట్లకు రూ.56. ఇది నెలనెలా ఉండేది. దాని కింద పాత సంవత్సరాల ట్రూ అప్ లైన్లు. 2022-23లో డిస్కంలకు ఖర్చు ఎక్కువైందట. దానికింద రూ.6,072 కోట్లు వసూలు చేసుకోవడానికి విద్యుత్ నియంత్రణ మండలి అనుమతి ఇచ్చింది. 2024 డిసెంబరు నుంచి అది బిల్లుల్లో పడింది. 2023-24కు మరో రూ.9,412 కోట్లు. ఇది 2025 జనవరి నుంచి 24 నెలలు. వ్యవసాయ ఉచిత కరెంటు మీద పడే వాటా ప్రభుత్వం కట్టాలి. మిగతాది ఇళ్లు, దుకాణాలు, పరిశ్రమలు మోయాలి.

అంటే ఎప్పుడో వాడుకొని, గడువులోపు బిల్లు కట్టి, రసీదు తీసుకొని మరిచిపోయిన కరెంటుకు ఇప్పుడు మళ్లీ కడుతున్నాం. అద్దె ఇళ్లలో ఇంకా విచిత్రం. అప్పట్లో ఉన్నవాళ్లు వాడిన యూనిట్ల మీద సర్దుబాటు లెక్కగడతారు. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. కొత్తగా దిగినవాళ్లు కట్టాలి.

ఈ పద్ధతి మనకు ఎందుకు లేదు? యార్డులో మిర్చి అమ్ముకొని, తక్‌పట్టీ తీసుకొని ఇంటికొచ్చిన రెండేళ్లకు మళ్లీ వ్యాపారి దగ్గరికి వెళ్లి, "అయ్యా, ఆ ఏడాది డీఏపీ దొరక్క ఎక్కువ పెట్టి కొన్నాను, కూలి రేటు పెరిగింది, డీజిల్ పెరిగింది, క్వింటాలుకు ఇంకో వెయ్యి ఇప్పించండి" అని అడగగలమా? అడిగితే పిచ్చోడనుకుంటారు. సాగులో నష్టం వస్తే రైతు మింగాలి. కరెంటు కొనుగోలులో నష్టం వస్తే అదీ రైతు ఇల్లే మింగాలి. రెండు వైపులా మనమే ఎందుకు మింగాలన్నదే మా ప్రశ్న.

ఖర్చు అసలు పెరగలేదని మేము అనడం లేదు. ఉన్నది ఉన్నట్టు మాట్లాడుకుందాం. 2022 వేసవిలో దేశమంతా బొగ్గుకు కటకట వచ్చింది. విదేశీ బొగ్గు పది శాతం కలపమని కేంద్రమే చెప్పింది. కరెంటు ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర రూ.12 గరిష్ఠ పరిమితిని తాకింది. మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే కూడా పెట్టారు. ఆ రేటుకు కొన్న కరెంటుకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి, నిజమే. కానీ ఏ వేసవిలో ఎంత కరెంటు కావాలో ముందే అంచనా వేసి, చౌకగా ఉన్నప్పుడు ఒప్పందం చేసుకోవాల్సిన పని ఎవరిది? బొగ్గు నిల్వ చూసుకోవాల్సింది ఎవరు? ఆ పని చేయనందుకు వాళ్లు ఒక్క రూపాయైనా పోగొట్టుకున్నారా? కొనుగోలు ఖర్చంతా కాగితం మీద చూపితే జనం నుంచి తిరిగి వస్తుందని తెలిసినప్పుడు, జాగ్రత్తగా కొనాలన్న బెంగ ఎవరికి ఉంటుంది?

ఇదివరకు రేటు పెంచాలంటే డిస్కంలు మండలి ముందు లెక్కలు పెట్టి, బహిరంగ విచారణలో జనం మాట విని, ఆ తర్వాత పెంచుకోవాలి. 2022 డిసెంబరు 29న కేంద్ర విద్యుత్ శాఖ నిబంధనలు మార్చింది. కొనుగోలు ఖర్చులో తేడాను ఏ నెలకానెల బిల్లులో ఆటోమేటిక్‌గా వేసుకోవచ్చంది. మన రాష్ట్రంలో 40 పైసలు అలా వచ్చి కూర్చున్నవే. నలభై పైసలే కదా అని ఆ రోజు మేము కూడా పెద్దగా పట్టించుకోలేదు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాం. తలుపు సందులో వేలు పెట్టనిస్తే చెయ్యి రాకుండా ఉంటుందా?

ఇది నిన్న మొదలైన కథ కాదు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పు వెనుక ఉంది. విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. జెన్‌కో, ట్రాన్స్‌కో, ఆ తర్వాత డిస్కంలు వచ్చాయి. 2000లో చార్జీలు పెంచితే రాష్ట్రమంతా రోడ్డెక్కింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో రామకృష్ణ, బాలస్వామి, విష్ణువర్ధన్ రెడ్డి ప్రాణాలు పోయాయి. ఆ రోజు మా మండలం నుంచి బస్సెక్కి వెళ్లినవాళ్లలో కొందరు ఇప్పటికీ మన సంఘంలో ఉన్నారు. ఆ పోరాటం వల్లే తర్వాత చాలాకాలం చార్జీల జోలికి వెళ్లడానికి ప్రభుత్వాలు జంకాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది కూడా ఆ వేడిలోంచే. అప్పుడు రేటు ముందు ప్రకటించి పెంచారు కాబట్టి జనానికి తెలిసింది, కోపం వచ్చింది. ఇప్పుడు రేటు పెంచలేదంటూనే సర్దుబాటు పేరుతో వసూలు చేస్తున్నారు. ఎవరి మీద కోప్పడాలో తెలియకుండా చేశారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బాదుడు అన్నవాళ్లు అధికారంలోకి రాగానే తప్పదంటున్నారు. ఆ రోజు తప్పదన్నవాళ్లు ఈ రోజు బాదుడు అంటున్నారు. కుర్చీలు మారాయి, చీటీ మాత్రం పొడుగవుతూనే ఉంది.

ఇంకో మాట తరచూ వినపడుతోంది. "మీ రైతులకు ఉచిత కరెంటు ఇవ్వబట్టే మా బిల్లులు పెరుగుతున్నాయి" అని పట్నంలో బంధువులే అంటున్నారు. వాళ్లకు మనం ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఉచిత కరెంటు డబ్బు ప్రభుత్వం సబ్సిడీగా డిస్కంలకు కట్టాలి. అది సకాలంలో కట్టకపోతే డిస్కం అప్పు చేస్తుంది, వడ్డీ పెరుగుతుంది. అందులో రైతు చేసిన నేరం ఏముంది? పైగా మన మోటార్లు ఎంత వాడుతున్నాయన్నది చాలావరకు అంచనా లెక్క. లైన్లలో పోయేదీ, దొంగతనంగా పోయేదీ ఆ అంచనాలో కలిపేస్తున్నారన్న అనుమానం ఏళ్ల తరబడి ఉంది. అసలు మనకు పొలంలో ఉచితం, ఇంట్లో కాదు. ఇంటి బిల్లు మనమూ కడుతున్నాం. రెండు గేదెలు పెట్టుకొని గడ్డి కోసే మిషను ఇంటి మీటరు మీద నడిపేవాళ్లకు శ్లాబు దాటిపోతోంది. పట్నంవాళ్లూ మనమూ ఒకే చీటీ కింద నలుగుతున్నాం. వాళ్లతో తగువు పెట్టుకుంటే లాభపడేది మూడోవాడు.

ఇక ముందున్నది స్మార్ట్ మీటరు. 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద దేశమంతా ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. వ్యవసాయ కనెక్షన్లను ప్రీపెయిడ్ నుంచి మినహాయించారు. ఇళ్లను మినహాయించలేదు. ముందు రీచార్జి చేసుకో, అయిపోతే కరెంటు ఆగిపోతుంది అన్నది దాని పద్ధతి. నెల జీతం వచ్చేవాళ్లకు అది నడవొచ్చు. మన చేతికి డబ్బు పంట అమ్మినప్పుడు వస్తుంది. కిరాణా కొట్లో ఖాతా ఉంటుంది, ఎరువుల కొట్లో ఖాతా ఉంటుంది. ఇన్నాళ్లూ కరెంటుకూ బిల్లు వచ్చాక కట్టే గడువు ఉంది. ఆ కాస్త ఊపిరి కూడా పోతుంది.

దానితోపాటే ఇంకోటి. 2023లో మార్చిన కేంద్ర నిబంధనల ప్రకారం స్మార్ట్ మీటరు ఉన్న ఇంటికి రోజులో వేళను బట్టి రేటు వేయొచ్చు. ఎండ ఉన్న గంటల్లో తక్కువ, రద్దీ గంటల్లో ఎక్కువ. రద్దీ అంటే ముఖ్యంగా సాయంత్రం. పొద్దున్నే పొలం వెళ్లి చీకటిపడ్డాక ఇల్లు చేరేవాళ్లం మనం. పిల్లలు చదువుకునేది, అన్నం తినేది, ఫ్యాను కింద నడుం వాల్చేది అప్పుడే. మధ్యాహ్నం ఇంటికి తాళం. చౌక కరెంటు తాళం వేసిన ఇంటికీ, ఖరీదు కరెంటు మనుషులున్న ఇంటికీనా?

మరి ఏం చేయాలి? మొదటిది, బిల్లులు పారేయకండి. నెలనెలా చీటీ దాచండి. సిరా వెలిసిపోతుంది కాబట్టి యూనిట్లు, మొత్తం, సర్దుబాటు లైన్లు ఒక నోటుబుక్కులో రాయించండి, పిల్లల చేత అయినా సరే. రెండోది, రీడింగు తప్పు పడితేనో, శ్లాబు తప్పు వేస్తేనో నోటిమాటతో వదలొద్దు. కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 1912కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లాయరు అక్కర్లేదు. రాసిపెట్టడానికి సంఘం ఆఫీసుకు రండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. డిస్కంలు నవంబరు నెలాఖరుకు వచ్చే ఏడాది లెక్కలు మండలికి ఇస్తాయి. ఆ తర్వాత బహిరంగ విచారణ జరుగుతుంది. పోయినసారి మన మండలం నుంచి వెళ్లింది ముగ్గురమే. హాల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెళ్లి ఏం లాభం అనుకునేవాళ్లకు ఒక లెక్క చెబుతాం. 2022-23కు డిస్కంలు రూ.8 వేల కోట్లకు పైగా అడిగితే మండలి రూ.6,072 కోట్లకు తగ్గించింది. 2023-24కు రూ.11 వేల కోట్లకు పైగా అడిగితే రూ.9,412 కోట్లకు ఆపింది. అంటే అడిగిందంతా న్యాయం కాదని మండలే ఒప్పుకున్నట్టు. ప్రశ్న పడితే అంకె తగ్గుతుంది. ఇంకా గట్టిగా పడితే ఇంకా తగ్గుతుంది.

మన డిమాండ్లు నాలుగు. ముగిసిపోయిన ఏడాదికి వెనక్కి వెళ్లి బిల్లు వేసే ట్రూ అప్ పద్ధతి ఆపాలి. విచారణ లేకుండా నెలనెలా వేసే సర్దుబాటు రద్దు చేయాలి. ప్రభుత్వం తన సబ్సిడీ, ప్రభుత్వ శాఖలు తమ బకాయిలు సకాలంలో కట్టాలి. ఇంటివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ ఇంటికీ స్మార్ట్ మీటరు బిగించకూడదు.

వచ్చే నెల గ్రామ శాఖల సమావేశాలకు ప్రతి ఇంటి నుంచీ మూడు నెలల బిల్లులు తీసుకురండి. ఆడవాళ్లను తప్పకుండా వెంట తీసుకురండి. ఆ చీటీ ముందుగా అందుకునేదీ, ఏ ఖర్చు తగ్గించి దాన్ని కట్టాలా అని లెక్క వేసుకునేదీ వాళ్లే. ఆ బిల్లులన్నీ కట్టగట్టి ఈసారి విచారణకు తీసుకెళదాం. ముగ్గురం వెళ్లిన చోటికి మూడు బస్సుల్లో వెళదాం.