చిన్నరాణి ఆకలి

రాజుగారు వేటకెళ్లి అడవిలో ఒక సుందరిని చూసి మనసు పారేసుకుంటాడు. కోటకు తెచ్చి పెళ్లాడతాడు. వచ్చింది మనిషి కాదు, రాక్షసి. పగలు చిన్నరాణి, రాత్రి కోట నిద్రపోయాక రాజుగారి గుర్రాలూ ఏనుగులూ ఆమెకు ఆహారం. అనుమానం తన దాకా వచ్చేసరికి ఆ పాపాన్ని పెద్దరాణి నెత్తిన రుద్దుతుంది. కడుపుతో ఉన్న పెద్దరాణి అడవిపాలవుతుంది. 1949లో విడుదలైన ‘కీలుగుర్రం’ కథకు ఇది మొదలు.

ఆ పెద్దరాణి కొడుకు విక్రముడిగా నటించిన అక్కినేని నాగేశ్వరరావుది కృష్ణా జిల్లా నందివాడ మండలం రామాపురం. సంగీతం ఘంటసాల వెంకటేశ్వరరావు; ఆయన పుట్టిన చౌటపల్లి గుడివాడకు కూతవేటు దూరం. నిర్మాత, దర్శకుడు మీర్జాపురం రాజావారు; ఆయన సంస్థానం కూడా అప్పటి కృష్ణా జిల్లాలోదే. కథ తాపీ ధర్మారావు అందించారు. అర్ధరాత్రి లేచి నెత్తురు మరిగే అందగత్తె సినిమా చూడాలంటే ఈ ప్రాంతం వాళ్లు డ్రాక్యులా కోట దాకా పోనక్కర్లేదు. బందరు కాలవ నీళ్లు తాగినవాళ్లే 1949లోనే అలాంటిది తీసి పెట్టారు.

సినిమాలో లోపాలు లేవని ఎవరూ అనలేరు. నడక నెమ్మది. నటనలో స్టేజీ నాటకం వాసన పోలేదు. సినిమాకు పేరిచ్చిన ఎగిరే గుర్రం కొయ్యదని కథ చెప్పకపోయినా కంటికి తెలుస్తుంది. ఇప్పుడు యూట్యూబ్‌లో కనిపించే ప్రతి అరిగిపోయింది, మాటల వెనక గరగర ఆగదు. అయినా చిన్నరాణిగా అంజలీదేవి తెర మీదకొస్తే చూపు తిప్పుకోలేం. ఆమె ఆ పాత్రను మనస్ఫూర్తిగా నమ్మి చేసింది. ఆకలిగొన్న రాక్షసిగా, భర్తను బుట్టలో వేసుకునే ఇల్లాలిగా ఒకే ముఖంతో రెండు బతుకులు బతికింది. ‘ఇదంతా ఉత్తుత్తిదే’ అని ప్రేక్షకుడికి కన్ను గీటే పని ఎక్కడా చెయ్యలేదు. తమిళంలోకి డబ్ అయిన తొలి తెలుగు సినిమాగా ‘కీలుగుర్రా’నికి పేరుంది. గుర్రం కొత్తదనం ఒక్కటే అంత దూరం తీసుకెళ్లలేదు. రాక్షసి కూడా మోసింది.

ఇలాంటి సినిమాల మీద ఒక చిన్నచూపు ఎప్పట్నుంచో ఉంది. అట్టముక్కల కోట, దూది మేఘాలు, దారాలకు వేలాడే అస్థిపంజరం అని పెదవి విరుస్తారు. నేల టిక్కెట్టు మీద కూర్చున్న రైతుకూలీకి ఆ దారం కనిపించలేదనుకోవడం ఆయన తెలివిని తక్కువ చేయడమే. కనిపించింది. చూసి, దాన్ని పక్కనబెట్టి, కథ వెంట నడిచాడు. డెల్టా పల్లెల్లో టూరింగ్ టాకీసు డేరాలకు సాధారణంగా ఒకటే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ఆ నాలుగు నిమిషాల్లో జనం దెయ్యం గురించి మాట్లాడుకునేవాళ్లు: ఇప్పుడేం చేస్తుంది, ఎవర్ని పట్టుకుంటుంది, ఎలా చస్తుంది. ఆట వదిలాక కాలవగట్టు మీద చీకట్లో నడిచి ఇంటికి పోవాలి. సినిమాలో తక్కువైన భయం ఏదైనా ఉంటే ఆ నడక పూర్తి చేసేది.

తక్కువ డబ్బుతో దెయ్యాన్ని ఆడించడంలో తెలుగులో బి. విఠలాచార్యను మించినవాడు లేడు. ఉడిపి నుంచి వచ్చిన ఆయన్ని తెలుగువాళ్లు జానపద బ్రహ్మ అన్నారు. ఈ పక్కనే నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్‌తో ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘లక్ష్మీకటాక్షం’ తీశాడు. డేట్లు ఇవ్వక ఇబ్బందిపెట్టిన నటుడి పాత్రను శాపం పేరుతో చిలుకగానో మేకగానో మార్చేసి షూటింగ్ ఆపకుండా కానిచ్చేవాడని సినిమా జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమైనా, ఆయన పనితీరు మాత్రం అందులో ఉంది. చేతిలో ఏముందో చూసుకుని దాంతోనే కథ నడపడం ఆయనకు తెలుసు.

1978లో ఆయన తీసిన ‘జగన్మోహిని’లో జయమాలిని దెయ్యం. నరసింహరాజును వశం చేసుకుని, అతని ఇల్లాలు ప్రభ ఉన్న ఇంట్లోనే తిరుగుతుంది. వంట చెయ్యాల్సి వస్తుంది, పొయ్యిలోకి కట్టెలుండవు. దెయ్యం తన కాళ్లు రెండూ పొయ్యిలో పెట్టి మంట రగిలిస్తుంది. ఆ సినిమా కథ మొత్తం మరిచిపోయినవాళ్లకు కూడా ఈ ఒక్క దృశ్యం గుర్తుంటుంది. దీనికి పెద్ద సెట్టు, విదేశీ సాంకేతికులు ఏమీ అక్కర్లేదు. కావాల్సింది ఒక మట్టిపొయ్యి. అప్పట్లో ప్రతి ఇంట్లో ఉన్నది అదే. మర్నాడు పొద్దున పొయ్యి రాజేయడానికి కూర్చున్న ఆడపిల్లకు ఆ దెయ్యం తప్పక గుర్తొస్తుంది. గుర్రాలశాల, పొయ్యి, పెరటి బావి: చౌక సినిమా భయాన్ని వెతుక్కున్నది ఇలాంటి చోట్లే. దాని బలం కూడా అక్కడే ఉంది.

డబ్బుతో ఆ బలాన్ని కొనలేమని 2009లో తేలింది. ఆ ఏడాది తమిళంలో నమితతో ‘జగన్మోహిని’ని మళ్లీ తీశారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ దండిగా వాడారు. అసలు సినిమాను ఇన్నేళ్లు తలుచుకుంటున్న జనం ఆ కొత్తదాన్ని తలుచుకోవడం లేదు.

ప్రపంచంలో రక్తపిశాచి సినిమాలన్నిటికీ పెద్దదిక్కు అనదగ్గ ‘నోస్ఫెరాటు’ కూడా పేదింటి బిడ్డే. 1922లో జర్మనీలో ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ తీశాడు. బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’కు హక్కులు కొనకుండా పేర్లు మార్చి తీసిన సినిమా అది. రాత్రి దృశ్యాలు పగలే తీసి, ఫిల్మ్‌కు నీలం రంగు వేసి రాత్రి అనిపించారు. ఆ రంగు లేని ప్రతుల్లో పిశాచి పట్టపగలు ఎండలో శవపేటిక చంకనబెట్టుకుని వీధుల్లో తిరుగుతూ కనిపిస్తాడు. సూర్యకాంతి తగిలితే పిశాచి చస్తాడన్న నియమం పెట్టింది కూడా ఈ సినిమాయే. స్టోకర్ నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. ఎండకు చచ్చే పిశాచి ఎండలో నడవడం కన్నా పెద్ద తప్పు ఉండదు. అయినా గోడ మీద మెట్లెక్కే ఆ వంకర నీడ నూరేళ్లు దాటినా భయపెడుతూనే ఉంది.

మన సినిమాల్లో క్షమించరానిది వేరే ఉంది. దానికీ డబ్బుకూ సంబంధం లేదు. కొంపలోకి కొత్తగా వచ్చిన ఆడది రాక్షసి, ముందునుంచి ఉన్న ఇల్లాలు దేవత. మధ్యలో మగవాడు అమాయకుడు. ‘కీలుగుర్రం’లో రాజు ఒక్క మాట విచారించకుండా కట్టుకున్న భార్యను చావుకు పంపాడు. కథ ఆయన్ని పెద్దగా నిలదీయలేదు. ‘జగన్మోహిని’లో దెయ్యమైన ఆడది బతికుండగా మోసపోయినదే. అయినా సినిమా చివరికి ఓడించింది ఆమెనే. దారం కనిపిస్తే సర్దుకుపోవచ్చు. ఈ అన్యాయాన్ని మాత్రం చూస్తున్నంతసేపూ గుర్తుపెట్టుకోవాలి. ఆ ఎరుకతో చూస్తే చిన్నరాణి, జగన్మోహిని ఇద్దరూ ఇంకా బాగా కనిపిస్తారు. కథ వాళ్ల పక్షాన లేకపోయినా అంజలీదేవి, జయమాలిని ఉన్నారు.

మరి ఈ సినిమాలు ఎంతకాలం ఉంటాయి? నాగేశ్వరరావు శతజయంతికి 2024 సెప్టెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘ప్రేమ్‌నగర్’ వంటి పది సినిమాలను దేశంలోని పలు నగరాల థియేటర్లలో మళ్లీ వేసింది. ఎంతో మంచి పని. ‘కీలుగుర్రా’నికి ఆ పదింట్లో చోటు దక్కలేదు. రాక్షసి సినిమాకు గౌరవం ఆఖరి వరసలోనే ఉంటుంది కాబట్టి జాగ్రత్త కూడా అలాగే ఉంటుంది. అసలు తెలుగు సినిమాకు పితామహుడనుకునే రఘుపతి వెంకయ్య మచిలీపట్నం మనిషి. ఆయన, ఆయన కొడుకు ప్రకాష్ కలిసి 1921లో తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ ఇవాళ చూద్దామన్నా లేదు. ఆ మరుసటి ఏడు వచ్చిన ‘నోస్ఫెరాటు’ ప్రతులన్నీ నాశనం చెయ్యమని 1925లో జర్మన్ కోర్టు తీర్పిచ్చింది. దేశం దాటిపోయిన ప్రతులు దాన్ని బతికించాయి. కోర్టు చంపమన్నది బతికింది, మనం పెంచుకోవలసింది పోయింది.

గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు పాత హాళ్లు నడిపిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అటకల మీద రీలు డబ్బాలు, వాల్‌పోస్టర్లు, పాటల పుస్తకాలు ఉంటే తూకానికి వేయకండి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక ఉత్తరం రాయండి. ‘కీలుగుర్రం’ శుభ్రమైన ప్రతి ఒకటి తయారైతే దాని మొదటి ఆట రామాపురంలో పడాలి.