ఎవరి చేతిని చూసి నేర్చుకుంది?

ఓడలోంచి క్రేనుతో సరుకు దింపడం మీలో ఎంతమంది దగ్గరనుంచి చూశారు? విశాఖపట్నంలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా చాలామంది చూసి ఉండరు. రేవు గోడ లోపలికి అందరినీ రానివ్వరు గదా! నాకు మాత్రం మా మేనమామ పుణ్యమా అని చిన్నప్పుడే ఆ పని సంగతులు వినే అదృష్టం కలిగింది. ఆయన రేవులో కళాసీ. క్రేను నడిపేవాడు ఎక్కడో పైన గదిలో కూర్చుంటాడు. ఓడ లోపల, అడుగున ఏం జరుగుతోందో అతనికి కనబడదు. యంత్రాల హోరులో ఎంత గట్టిగా కేక వేసినా వినబడదు. అందుచేత ఇద్దరికీ కనబడే చోట ఒక మనిషి నిలబడి చేతులతో మాట్లాడతాడు. చూపుడువేలు పైకి పెట్టి చేతిని గుండ్రంగా తిప్పితే ‘ఎత్తు’. వేలు కిందికి చూపి తిప్పితే ‘దించు’. చెయ్యి పక్కకు చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి అటూ ఇటూ ఊపితే ‘ఆపు’. మామయ్య భోజనాల దగ్గర నోటినిండా అన్నం ఉన్నప్పుడు, ఇంకాస్త కూర వడ్డించబోయే అత్తయ్యకు ఈ మూడో సంజ్ఞే చేసేవాడు.

ఆ సంజ్ఞల్లో ఒక నియమం ఉంది. ఎత్తమనీ దించమనీ చెప్పే అధికారం సిగ్నలు ఇచ్చే ఆ ఒక్క మనిషిదే. ‘ఆపు’ మాత్రం ఎవరు చూపించినా క్రేను ఆగాలి. మూటలు మోసే కూలీ చూపించినా, దారిన పోయే గుమాస్తా చూపించినా ఆగి తీరాలి. ఈ నియమాన్ని గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

చేతి సంజ్ఞలను కంప్యూటరు చేత గుర్తింపజేయాలని ఇంజనీర్లు చాలాకాలంగా కృషి చేస్తున్నారు. ఎక్కడో అమెరికాలోనో జపానులోనో కాదు, మన ఊళ్ళోనే ఈ పని జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ విభాగానికి చెందిన పి.వి.వి. కిశోర్, పి. రాజేశ్ కుమార్ అనే పరిశోధకులు 2012లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వినికిడి లేనివారు వాడే భారతీయ సంజ్ఞా భాషను వీడియో తీసి, ఆ సంజ్ఞ ఏమిటో కంప్యూటరు గుర్తించి, మాటగా పలికి, అక్షరాల్లో కూడా చూపించే పద్ధతి అది.

కంప్యూటరుకు కన్ను లేదు. దానికి బొమ్మ అంటే అంకెల పట్టిక. బొమ్మను సన్నటి చుక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క చుక్క ఎంత వెలుగుగా ఉందో 0 నుంచి 255 వరకు ఒక అంకె వేస్తారు. ఆ అంకెల గుంపులో చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందు తేల్చాలి. తర్వాత చేతి అంచుగీతను కొద్దిపాటి సంఖ్యల్లోకి కుదించాలి. దీనికి ఆ పరిశోధకులు వాడిన గణితం ముచ్చటైనది. ఎంత వంకరటింకర గీతనైనా, అది మొదలైన చోటికే వచ్చి కలిసేదైతే, చిన్నా పెద్దా దీర్ఘవృత్తాలను ఒకదానిపై ఒకటి కూర్చి గీయవచ్చు. అప్పుడు గీత మొత్తాన్నీ మోసుకు తిరగనక్కరలేదు, ఆ దీర్ఘవృత్తాల కొలతలు ఉంటే చాలు. ఆ కొలతలను ముందే నేర్పిన సంజ్ఞల కొలతలతో పోల్చి, ఏది దగ్గరగా ఉంటే అదేనని కంప్యూటరు నిర్ణయిస్తుంది.

80 మాటలు, వాక్యాలు. వాటిని చూపించినవారు 10 మంది. నూటికి 96 సార్లు సరైన జవాబు. ఇదీ వారి ఫలితం. 2012 నాటికి ఇది గౌరవించదగ్గ పని. ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. అది ఆ పరిశోధకుల మీద కాదు. వారు నిజాయితీగా ‘10 మంది’ అని రాశారు. ఇలాంటి పని గురించి చెప్పేటప్పుడు మనం 96ను పట్టుకుని 10ని వదిలేస్తాం. నా అభ్యంతరం మన మీద!

మా బడిలో జరిగింది చెబుతాను. మా పూర్వ విద్యార్థి ఒకడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. పోయిన వేసవి సెలవులకు ముందు వచ్చి, చేతి సంజ్ఞను గుర్తించే ప్రోగ్రామును మా కంప్యూటరులో పెట్టి వెళ్ళాడు. చర్మం రంగును బట్టి చేతిని వెనకున్న గోడనుంచి వేరు చేయడం దాని పద్ధతి. తొమ్మిదో తరగతి అబ్బాయిలిద్దరు దాని ముందు కూర్చుని మామయ్యగారి మూడు సంజ్ఞలను నేర్పారు. వేలు పైకి, వేలు కిందికి, అరచెయ్యి. ఒక్కొక్క దానికి 50 బొమ్మలు. తర్వాత పరీక్షిస్తే ఒక్కటీ తప్పలేదు. నూటికి నూరు! వాళ్ళ సంబరం చూడాలి.

బళ్ళు తెరిచాక ఆషాఢం వచ్చింది. అదే తరగతి అమ్మాయి ఒకతె వచ్చి అరచెయ్యి చూపించింది. కంప్యూటరు ‘దించు’ అంది. మళ్ళీ చూపించింది. ‘ఎత్తు’ అంది. ‘ఆపు’ అని మాత్రం అనదు! అబ్బాయిలు నవ్వారు, నువ్వు సరిగ్గా పెట్టడం లేదన్నారు. తప్పు ఆ పిల్లది కాదు. ఆమె వేళ్ళ చివర్ల నిండుగా గోరింటాకు టోపీలు, అరచేతి మధ్యలో చందమామ. ఎర్రగా పండిన చోటల్లా కంప్యూటరుకు అది చర్మం రంగు కాదు. కాబట్టి దాని లెక్కలో ఆ చేతికి వేళ్ళు సగానికి తెగిపోయాయి, అరచేతిలో చిల్లు పడింది. దానికి తెలిసిన చేతులు రెండే, రెండూ గోరింటాకు ఎరగని మగపిల్లల చేతులు.

ఇప్పుడు చేతిని వదిలి ఆకాశానికి వెళదాం. దూరం ఎక్కువే గాని అక్కడా లెక్క ఇదే.

ప్రయోగదశ దాటి పూర్తిస్థాయిలో పనిచేసిన మన మొదటి దూరగ్రాహక ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ, 1988 మార్చి 17న అప్పటి సోవియట్ యూనియనులోని బైకనూరు నుంచి ఎగిరింది. దాని కెమేరాల్లో ఒకదానికి ఒక చుక్క అంటే నేలమీద 72.5 మీటర్ల చదరం. మా బడి భవనం, ఆటస్థలం, గోడ పక్క చింతచెట్టు, అన్నీ కలిపి దానికి ఒకటో రెండో చుక్కలు. 2019 నవంబరు 27న శ్రీహరికోట నుంచి వెళ్ళిన కార్టోశాట్-3కు ఒక చుక్క పావు మీటరు. అంటే మీ జానెడు కంటే కాస్త ఎక్కువ. ఐతే చుక్క ఎంత చిన్నదైనా అది అంకెగానే కిందికి వస్తుంది. ఆ అంకె పొలమా, చెరువా, ఇంటి కప్పా అన్నది ఎవరో ఒకరు కంప్యూటరుకు ముందుగా నేర్పాల్సిందే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. మీకు గుర్తుండదు, మీ అమ్మానాన్నలను అడగండి. మర్నాడు కైలాసగిరి కేసి చూస్తే కొండ కాలిపోయినట్టుంది. ఇలాంటి నష్టాన్ని ఉపగ్రహ చిత్రాల్లో ఒక చిన్న లెక్కతో పట్టుకుంటారు. పచ్చని ఆకు ఎర్ర వెలుగును పీల్చుకుంటుంది, మన కంటికి కనబడని దగ్గరి పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. పరారుణంలో నూటికి 50 పాళ్ళు, ఎరుపులో 5 పాళ్ళు తిరిగి వచ్చాయనుకోండి. రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగించండి. 45ను 55తో భాగిస్తే సుమారు 0.82. ఆకు రాలిపోయాక పరారుణం 30, ఎరుపు 20 వస్తే, 10ని 50తో భాగించాలి, 0.2. తుపానుకు ముందు తీసిన చిత్రాన్నీ తర్వాత తీసిన చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చుక్క చుక్కకూ ఈ లెక్క చేస్తే పచ్చదనం ఎక్కడ ఎంత పోయిందో పటం వస్తుంది.

గొప్ప సంగతే. ఐతే వేళ్ళతో సహా కూలిన చెట్టూ, ఆకు రాలినా నిలబడే ఉన్న చెట్టూ ఆ లెక్కలో దాదాపు ఒక్కటే. మొదటిది పోయింది, రెండోది కొన్ని వారాల్లో చిగురిస్తుంది. ఏది ఏదో తెలియాలంటే చెట్టు కిందికి వెళ్ళి చూడాలి.

ఇలాంటి తికమకలు మన చుట్టూ ఎన్నో. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడ పడిన చోటు, నీళ్ళ మడుగు, రెండూ నల్లగానే కనబడతాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వంటి వట్టి నేలకూ ఇళ్ళ కప్పులకూ అంకెలు దగ్గర దగ్గరగా వస్తాయి. దమ్ము చేసి నీళ్ళు నిలిపిన వరిమడి ఆషాఢంలో చెరువులా ఉంటుంది, దసరాకు పచ్చగా, సంక్రాంతికి గోధుమరంగులో ఉంటుంది. ఒకే మడి, మూడు వేషాలు! సంక్రాంతినాటి పొలాన్ని మాత్రమే చూసి నేర్చుకున్న కంప్యూటరు ఆషాఢంలో తప్పుతుంది. మా గోరింటాకు పిల్ల చేతి దగ్గర తప్పినట్టే.

రాడార్ ఉపగ్రహాలకు మబ్బు అడ్డు కాదు, చీకటీ అడ్డు కాదు. 2025 జూలై 30న మన ఇస్రో, అమెరికా నాసా కలిసి శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ అటువంటిదే. అది నేలమీద ఒకే చోటును 12 రోజులకొకసారి చూడగలదు. తుపాను మబ్బు కింద ఎక్కడ నీళ్ళు నిలిచాయో చెప్పడానికి రాడార్ ఎంతో మేలు. ఐనా నున్నని నీళ్ళు రాడార్‌కు ఎలా నల్లగా కనబడతాయో నున్నని విమానాల రన్‌వే కూడా అలాగే కనబడుతుంది. రాడార్ తరంగం రెంటి మీదా జారి పక్కకు పోతుంది, వెనక్కి రాదు మరి.

అందుకే ఈ శాస్త్రంలో క్షేత్ర పరిశీలన అనే పని ఉంది. పటం చేతపట్టుకుని, నోటుపుస్తకంతో ఎండలో తిరిగి, ‘ఇక్కడ జీడితోట, ఇక్కడ ఉప్పుమడి, ఇక్కడ తాటాకు గుడిసెలు’ అని రాసుకు రావడం. దీన్ని గురించి పత్రికల్లో రాయరు. రాకెట్టు ఎగిరిన బొమ్మ వేస్తారు. మా స్టాఫు రూములో ఒక మిత్రుడు, “పైనుంచి జానెడు జాగా కూడా కనబడుతుంటే ఇంకా కింద తిరగడమెందుకండీ?” అని నాతో వాదిస్తాడు. సముద్రపు ఒడ్డున ఎండిన తాటాకు కప్పిన గుడిసెకూ, ఎండుటాకులు పరచుకున్న నేలకూ అంకెల్లో తేడా స్వల్పం. పటం గీసినవారు ఆ జాలరిపేటకు ఒక్కసారైనా వెళ్ళి రాకపోతే, కంప్యూటరు నేర్చుకున్న ‘ఇళ్ళ’లో ఆ ఇళ్ళు ఉండవు. తుపాను తర్వాత ఎన్ని ఇళ్ళు పోయాయని పటాన్ని అడిగితే అది ఏం చెబుతుంది? లేని ఇల్లు ఎలా కూలుతుంది?

ఇప్పుడు క్రేను దగ్గరికి వస్తాను. సిగ్నలు ఇచ్చే మనిషి బదులు కెమేరా పెట్టి, సంజ్ఞలను యంత్రమే చదువుకుంటే పోదా అనే ఆలోచన మీకూ కలగవచ్చు. ‘ఎత్తు’, ‘దించు’ వరకు నాకు పేచీ లేదు, ఆ మనిషి ఒక్కడే కనుక అతని చేతిని బాగా నేర్పవచ్చు. మరి ‘ఆపు’? అది ఎవరు చూపించినా ఆగాలన్నాను. మన రేవులో బొగ్గు దిగుతుంది, ఇనుప ఖనిజం ఎక్కుతుంది. బొగ్గు దగ్గర పనిచేసిన చెయ్యి నల్లగా, ఖనిజం దగ్గర పనిచేసిన చెయ్యి ఎర్రగా ఉంటుంది. కొందరికి తొడుగులుంటాయి, కొందరివి చిరిగి ఉంటాయి. ఈ చేతులన్నీ చూడని యంత్రం నూటికి 96 సార్లు ఆగితే, మిగిలిన 4 సార్లు గొలుసుకు వేలాడే బరువు కింద ఎవరుంటారు? అన్ని చేతులనూ చూసి నేర్చుకునేదాకా ఆ పని మనిషికే వదలాలని నా అభిప్రాయం.

వినికిడి లేనివారి విషయం ఇంకా సున్నితమైనది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషకు ఒక పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2021 నాటికి ఆ కేంద్రం నిఘంటువులో 10,000 పదాలు చేరాయి. పైగా ఆ భాష ఒక్క చేతులదే కాదు. కనుబొమలు ఎగరేస్తే ప్రశ్న అవుతుంది, తల ఊపుతో అర్థం మారుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు తల కదలికనూ లెక్కలోకి తీసుకున్నది అందుకే. ఆ భాష పుట్టుకనుంచీ మాట్లాడేవారిని పక్కన కూర్చోబెట్టుకోకుండా, మనమే నాలుగు సంజ్ఞలు బట్టీపట్టి కెమేరా ముందు చూపిస్తే, యంత్రం నేర్చుకునేది మన యాసే.

సైన్సు ఫెయిరుల్లో చేతి ఊపుతో నడిచే బొమ్మకారు ఏటా ఒకటైనా వస్తుంది. “ఎంతవరకు సరిగ్గా గుర్తిస్తుంది?” అని న్యాయనిర్ణేతలు అడుగుతారు, “98 శాతం సార్!” అని పిల్లలు చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. నేనూ ఒకసారి అలాంటి కారుకే మొదటి బహుమతి ఇచ్చాను. దాని పక్క బల్లమీద ఇద్దరు పిల్లలు వీధి వీధీ తిరిగి, ఉపగ్రహ పటంలో తమ పేటలో ఉన్న తప్పులను నోటుపుస్తకంలో రాసుకొచ్చి పెట్టారు. మోటారు లేదు, లైట్లు లేవు. దాన్ని నేను సరిగ్గా తెరిచి కూడా చూడలేదు. ఇప్పుడైతే ఆ పుస్తకానికే ఇస్తాను. ఎన్ని శాతం అని అడిగే ముందు ఎంతమందిని, ఎక్కడ, ఏ రుతువులో చూసి నేర్పారని అడుగుతాను. మీరూ అడగండి, పెద్దవాళ్ళను కూడా.

మా ప్రోగ్రాము కథ ఇంకా ముగియలేదు. శ్రావణంలో మళ్ళీ బొమ్మలు తీద్దామనుకునేసరికి ఆ అమ్మాయి చేతులమీద గోరింటాకు వెలిసిపోయింది. “మళ్ళీ పెట్టుకొస్తాను సార్” అంది. సోమవారంనాడు ఐదుగురు అమ్మాయిలు పండిన చేతులతో వచ్చారు. వాళ్ళ వెనకాల, మొదట నవ్విన అబ్బాయిలిద్దరూ చేతులు జేబుల్లో దాచుకుని వచ్చారు. వాళ్ళవీ ఎర్రగానే ఉన్నాయి! ఆ బొమ్మలన్నీ చేర్చి మళ్ళీ నేర్పాక గోరింటాకు చేతిని కంప్యూటరు చాలాసార్లు గుర్తుపడుతోంది. వెనక బెంచీలో ఎడమచేతి వాటం కుర్రవాడు ఒకడున్నాడు. వాడి దగ్గర ఇంకా తడబడుతోంది. యూనిట్ పరీక్షలు కాగానే వాడి బొమ్మలు తియ్యాలి.