కోడిని చూసి నవ్వాం, మరి మనం?

2020 ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో పుకారు లేచింది. ఉడికించిన కూరలో వైరస్ ఎలా బతుకుతుందని ఎంతమంది అడిగారు? ధర పడిపోయింది. కర్ణాటకలో కొందరు రైతులు కోళ్ళని బతికుండగానే గోతుల్లో పూడ్చేశారు. హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది.

మనం హేతువాదులం కదా, బాగా నవ్వుకున్నాం.

మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించగానే కొట్టుకి పరిగెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇద్దరున్న ఇంటికి పది కిలోల గోధుమపిండి తెచ్చాను. నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళకి మిగిలిందో లేదో చూడలేదు. ఆ తర్వాత టమాటాలు సబ్బునీళ్ళలో కడగడం, మూడురోజులు బాల్కనీలో పెట్టడం. సగం కుళ్ళిపోయేవి, పారేసేవాణ్ణి. కూరగాయలకి సబ్బు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతూనే ఉంది. వైరస్ ముఖ్యంగా గాలి ద్వారా పాకుతోందని తర్వాత తేలింది కూడా.

"మడి అంటే ఎగతాళి చేసేవాడివి, ఇదేంట్రా?" అంది అమ్మ.

"ఎందుకైనా మంచిది" అన్నాను. తాయెత్తు కట్టుకున్నవాడు ఈ మాటే అంటే నేను గంటసేపు వాదించి ఉండేవాణ్ణి!

పిండికి జూన్‌లో పురుగు పట్టింది. నాలుగు కిలోలు చెత్తబుట్టలో పోశాను, అమ్మ చూడకుండా.