"ప్లాస్టిక్ తుపాకీ" అని నవ్వే మిత్రులకు



పోయిన శుక్రవారం అల్ మవాలేలో మా ఇంట్లో నలుగురం చేరి బిర్యానీ తింటున్నాం. మాటల్లో హైదరాబాదులో తయారయ్యే "అస్మి" తుపాకీ ప్రస్తావన వచ్చింది. దాని లోయర్ రిసీవర్, అంటే ట్రిగ్గరూ మ్యాగజైనూ అమరే కింది భాగం, లోహంతో కాకుండా కార్బన్ ఫైబర్‌తో చేశారని నేనన్నాను. ఒకాయన ఫక్కున నవ్వి, "మన కూరగాయల మార్కెట్లో ట్రేలు చూళ్ళేదా? ఒక్క ఎండాకాలానికే పెళుసెక్కి విరిగేవి. ఇక ఆ ప్లాస్టిక్ తుపాకీ ఏం పేలుతుంది లెండి!" అన్నారు. (మవాలే మార్కెట్ 2024లో ఖజాయిన్‌కి తరలిపోయింది గానీ దాని మీద జోకులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.) అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన్ని ముందు తన కారు బానెట్ ఎత్తి చూసుకోమనండి. ఈనాటి చాలా కార్లలో ఇంజిన్‌కి గాలి పంపే మానిఫోల్డు, రేడియేటర్ ట్యాంకు గాజుపోగులు కలిపిన నైలాన్‌తో చేసినవే. మస్కట్ ఎండలో, కుతకుతలాడే నీళ్ళతో, ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాయి. వాటిని ఎవరూ ప్లాస్టిక్ అని వెక్కిరించరు. జపాను నుంచి వచ్చాయి కదా మరి! అంతెందుకు, మనం బతుకుతున్న ఈ ఒమన్ దేశపు సైన్యమే ఆస్ట్రియా వారి స్టెయిర్ ఆగ్ రైఫిల్ వాడింది. ట్రిగ్గర్ భాగాలన్నీ ఇమిడే దాని ఒళ్ళంతా పాలిమరే. ఆస్ట్రియా సైన్యం దాన్ని 1970ల చివర్లోనే తీసుకుంది. యాభై ఏళ్ళ నాటి సంగతి మనవాళ్ళకి ఇప్పుడు వింతగా ఉంది.

అసలు విషయం సూటిగా చెప్పుకుందాం. తూటా పేలినప్పుడు పుట్టే భయంకరమైన ఒత్తిడిని మోసేవి బ్యారెల్, బోల్టు. అవి ఉక్కువే. కింది భాగానికి వచ్చే కష్టాలు వేరు: స్టాకు అతుకు దగ్గర పడే కుదుపు, తుపాకీ రాతి మీద పడితే తగిలే దెబ్బ, ఎండకీ చలికీ మారే గుణం. బలహీనత ఉంటే అక్కడే ఉంటుంది, పరీక్ష చెయ్యాల్సిందీ అక్కడే. ఇంకో మాట, బరువు తగ్గితే వెనక్కి తన్నేది ఎక్కువవుతుంది. 9 ఎంఎం తూటాకి ఫరవాలేదు గానీ 7.62కి అది చిన్న సంగతి కాదు.

మా బావది మిలటరీ మాధవరం. జవానుగా కాశ్మీరులో చేసి వచ్చాడు. ఇన్సాస్ రైఫిల్ ఒట్టిదే నాలుగు కిలోల పైచిలుకు. "కొండెక్కుతుంటే మొదటి గంట ఏం తెలవదురా. ఏడో గంటకి అది రెట్టింపు బరువవుద్ది" అనేవాడు. తగ్గించిన ప్రతి అరకిలోకీ బదులు మంచినీళ్ళో తూటాలో మోసుకోవచ్చు. ఏసీ గదిలో బిర్యానీ తింటూ నవ్వేవాళ్ళకి ఈ లెక్క తెలియదు.

అలాగని "జై దేశీ" అని కళ్ళు మూసుకోమనడం లేదు. 1999లో కార్గిల్ మంచులో అదే ఇన్సాస్ పాలిమర్ మ్యాగజైన్లు పగిలాయి. తప్పు పాలిమర్ అనే పదార్థానిది కాదు. ఆ చలికి తగినది ఎంచి, అక్కడే పరీక్షించకుండా కుర్రాళ్ళ చేతికిచ్చినవారిది. వియత్నాంలో అమెరికా వాళ్ళ ఎం16 మొరాయించినప్పుడు కూడా జనం దాన్ని బొమ్మ తుపాకీ అనే తిట్టారు. కానీ 1967లో వాళ్ళ కాంగ్రెస్ సబ్‌కమిటీ విచారణ జరిపి, తూటాల్లో మందు మార్చినవాళ్ళని తప్పుపట్టింది. మన మ్యాగజైన్ల మీద అలాంటి బహిరంగ విచారణ మీరెప్పుడైనా చదివారా? నేను చదవలేదు.

ఇక అస్మి. పుణెలోని డీఆర్‌డీఓ వారి ఏఆర్‌డీఈ, మౌలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్‌కి చెందిన లెఫ్టినెంట్ కర్నల్ ప్రసాద్ బన్సోడ్ కలిసి నాలుగు నెలల్లో రూపొందించారు. 2021 జనవరిలో లోకానికి చూపించారు. పైభాగం అల్యూమినియం, కిందిది కార్బన్ ఫైబర్, బరువు రెండు కిలోల లోపు. తయారీ ఖర్చు యాభై వేల లోపే అన్నారు. తయారు చేసింది సీఎన్‌సీ యంత్రాల కంపెనీ, మన హైదరాబాదు లోకేశ్ మెషీన్స్. సైన్యం 2024లో ఇచ్చిన ఆర్డరు ఎంతో తెలుసా? 550. విలువ 4.26 కోట్లు. భాగించి చూస్తే ఒక్కోటి 77 వేల పైమాటే. యాభై వేలు 77 వేలు ఎలా అయిందో ఎవరైనా వివరించాలి కదా. దేశీ సరుకు కాబట్టి అడగకూడదా?

అదే 2024లో అమెరికా నుంచి 73 వేల సిగ్ 716 రైఫిళ్ళు, 837 కోట్లకి. అంతకుముందు 2019లో 72,400 కొన్నాం. తాత్కాలిక అవసరం అని మొదలైంది, అయిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే తాత్కాలిక అవసరం! అస్మి చిన్న తుపాకీ, సిగ్ పెద్ద రైఫిల్, రెండింటినీ పోల్చకూడదని మీరంటారు. ఒప్పుకుంటాను. మరి పోల్చదగ్గ "ఉగ్రం" ఉంది కదా! అదే 7.62 ఎంఎం, నాలుగు కిలోల లోపు, హైదరాబాదు ద్వీప ఆర్మర్ సంస్థతో కలిసి చేసింది, 2024 జనవరిలో బయటపెట్టింది. దాన్నీ సిగ్‌నీ ఒకే మంచులో, ఒకే ఇసుకలో కాల్చి చూపించండి. ఓడిపోతే ఓడిపోయిందని చెప్పండి.

కొసరుగా ఇంకోటి. 2024 అక్టోబరులో అమెరికా ఖజానా శాఖ లోకేశ్ మెషీన్స్‌ని రష్యా ఆంక్షల జాబితాలో పెట్టింది. సబబా కాదా అన్నది వేరే చర్చ. మనం వేల కొద్దీ రైఫిళ్ళు కొంటున్న దేశమే, మన తుపాకీ చేసే కంపెనీ మీద ఆంక్ష పెట్టగలదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

హైదరాబాదుకి ఈ విద్య కొత్తా? అగ్ని క్షిపణి కోసం నేర్చిన కాంపోజిట్ల పనితనంతోనే కలాం గారి బృందం నిమ్స్‌లో పోలియో పిల్లలకి కాలిపట్టీలు చేసింది. మూడు కిలోల ఇనుము మోసే పిల్లలు 300 గ్రాములతో నడిచారు. అప్పుడు ప్లాస్టిక్ అని ఎవరూ నవ్వలేదు.

సోహార్‌లో, జుబైల్‌లో పాలిమర్ ప్లాంట్లలో చేస్తున్న తెలుగువాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నేను కోడు రాసుకునేవాణ్ణి, నాకు తెలిసింది కొద్ది. మీకు తెలిసింది ఎక్కువ. ఉగ్రం, అస్మి పరీక్షల ఫలితాలు, రహస్యం కానంత వరకు, రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందు పెట్టమని మన ఎంపీలకి రాసే లేఖ ముసాయిదా సిద్ధం చేస్తున్నాను. చలిలో పెళుసుదనం, ఎండలో సాగుడు గురించి ఏ ప్రశ్నలు అడగాలో మీరు రాసి పంపండి. నవ్విన పెద్దమనిషి కూడా పంపవచ్చు, చేర్చుకుంటాను.